ధాన్యపుగది నేల: బండలు పరచుటకు ముందు చేయవలసిన పని

ఇటీవల మన గ్రామములలో పాత మట్టియిండ్లను బాగుచేయించుకొను రైతులు మొట్టమొదట తలపెట్టుచున్న పని నేలకు బండలు పరపించుట. బేతంచెర్ల నాపరాళ్లు, కడప నల్లబండలు, తాండూరు బండలు లారీలలో ఊరి వాకిటికే వచ్చుచున్నవి. ఇది సంతోషింపదగిన మార్పే. బండనేలను ఊడ్చుట సులభము. రాలిన గింజ మట్టిపాలు గాదు. పురుగునకు దాగుచోటు తక్కువ. కాని బండలకొరకు నాలుగూళ్లు తిరిగి, వాని వన్నెను నునుపును చూచి, గట్టిగా బేరమాడి తెచ్చిన రైతు, ఆ బండల క్రింద ఏమి యుండవలెనో మేస్త్రితో ఒక్క మాటయైనను ముచ్చటించుట అరుదు. పైన పటారము, లోన లొటారము అను సామెత ఇట్టి నేలలకు చక్కగా సరిపోవును. ధాన్యమును, విత్తనమును నిలువచేయు గదికి నేల వేయించువారు, బండలకు పూర్వము అడుగును ఎట్లు సిద్ధపరచుకొనవలెనో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

మట్టినేలకును బండనేలకును భేదము

పేడతో అలికిన మట్టినేల నిరంతరము నేలలోని చెమ్మను కొద్దికొద్దిగా గాలిలోనికి విడుచుచుండును. అది ఎక్కడ క్రుంగినను, ఎక్కడ ఎలుక కన్నము పడినను ఇల్లాలి కంట వెంటనే పడును. వారము తిరుగకుండ మట్టిపెట్టి అలుకును. కావున మట్టినేల లోపము దినదినము తీరుచుండును. బండనేల అట్టిది కాదు. బండ లోపమును కప్పునే కాని మాన్పదు. క్రిందినుండి వచ్చు చెమ్మకు నేలయంతటను దారి మూసికొనిపోగా, అది బండల అతుకుల వెంబడియు, గోడల మొదళ్ల వెంబడియు పైకి వచ్చును. ఇంతకుముందు పొడిగానుండిన గోడ బండలు వేసిన యేడే మోకాలెత్తు చెమ్మగిలుటకు కారణమిదియే.

మేము చూచిన ఒక గ్రామమున ఒక రైతు విత్తనమునకై దాచిన వేరుసెనగకాయ మూటలలో అడుగువరుస మాత్రము బూజుపట్టెను. కాయ సరిగా ఎండలేదేమోయని ఇంటివారు తలచిరి. కాని పైవరుసలలోని కాయయు అదే కళ్లములో, అదే దినమున ఎండిన కాయ. దానికి చెక్కు చెదరలేదు. మూటలు తొలగించి ఒక బండను లేపి చూడగా, దాని వెనుకభాగమున నీటిచుక్కలు నిలిచియున్నవి. క్రింద పాత పేడనేల పొర మెత్తబడి వాసన కొట్టుచున్నది. దానిని త్రవ్వి తీయకయే, పైన బెత్తెడు ఇసుక పోసి బండలు పరచియుండిరి. ఆ యేడు ఆ కుటుంబమువారు విత్తనపు అదనున అప్పుచేసి కాయ కొనవలసివచ్చెను. బండలు వేయుటలో మిగిలినది రెండు దినముల కూలి; పోయినది ఒక యేటి విత్తనము.

నష్టము విత్తనముతో నిలువదు. వరిధాన్యమున తేమ 14 శాతము లోపునను, వేరుసెనగకాయలో 8 లేక 9 శాతము లోపునను ఉన్నగాని నిలువకు పనికిరాదు. ఎండబెట్టి ఈ మట్టమునకు తెచ్చిన గింజ చెమ్మనేలపై నుండినచో మరల తేమను పీల్చుకొనును. తేమ పట్టిన వేరుసెనగపైన పెరుగు ఒక జాతి బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున లక్షకుపైగా టర్కీ కోడిపిల్లలు చనిపోగా, వానికి పెట్టిన వేరుసెనగపిండిలో ఈ విషమున్నట్లు పరిశోధకులు కనుగొనిరి. ఇది కాలేయమునకు హాని చేయును; వండినను, వేయించినను పూర్తిగా పోదు. బూజుపట్టిన కాయను పశువులకు పెట్టినచో పాలలోనికి కూడ ఈ విషము దిగును. కావున ధాన్యపుగది నేలను గూర్చి శ్రద్ధ వహించుట అలంకారముకొరకు కాదు.

1. మొదట నేల గుణము నెరుంగవలెను

ఎర్రనేలలు, గరుసునేలలు అడుగుకట్టుకు మంచివి. చౌడునేలలో ఉప్పు పైకి పొంగి బండల అతుకులను పిండిచేయును. అన్నిటికంటె తంటా నల్లరేగడితో. ఇది వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొని నెఱియలు విచ్చును. పొలములో నెఱియ విచ్చిన నేలయే ఇంటిక్రిందను ఉన్నదని మరువరాదు. అది ఉబ్బినపుడు గది నడుమ బండలు పైకి లేచును. ఎండినపుడు అవియే క్రుంగును.

మన్ను ఎంత ఉబ్బునో ఇంటిలోనే చూచుకొనవచ్చును. గది అడుగునుండి రెండడుగుల లోతున మన్ను తీసి, నీడన ఆరబెట్టి, మెత్తగా దంచి, పిండిజల్లెడ పట్టవలెను. అంచులు నిలువుగానున్న ఒకే కొలత గాజుగ్లాసులు రెండు తీసికొని, రెంటిలోను సరిసమానముగా ఆ మట్టిపొడి వేయవలెను. ఒకదానిలో కిరసనాయిలును, రెండవదానిలో తేటనీటిని మన్ను బాగుగ మునుగునట్లు పోసి, గాలిబుడగలు పోవువరకు పుల్లతో కలిపి, ఒక పగలు ఒక రాత్రి కదల్పక ఉంచవలెను. కిరసనాయిలులో మన్ను ఉబ్బదు. మరునాడు రెండు గ్లాసులలోను పేరుకొన్న మట్టి ఎత్తును కొలిచి చూడుడు. కిరసనాయిలులో ఒక అంగుళమును, నీటిలో ఒకటిన్నర అంగుళమును ఉన్నచో మన్ను నూటికి 50 పాళ్లు ఉబ్బినదని అర్థము. ఆపైన ఉబ్బు మన్ను ప్రమాదకరమని ఎంచవలెను. మట్టి పరీక్షశాలలలో ఇంజనీర్లు చేయు పరీక్షకు ఇది పల్లెటూరి రూపము.

2. పాతనేలను తీసివేయుట

పేడ అలుకుడు పొరలను, పొట్టు, బూడిద, బొగ్గు, చెట్లవేళ్లు, కుళ్లిన కఱ్ఱముక్కలు మొదలగువానిని నిశ్శేషముగా తీయవలెను. ఇవి క్రిందనే కుళ్లి, పల్లమై, చెదలకు ఆహారమగును. ఎలుకబొరియలు, పందికొక్కు బొరియలు కనబడినచో పైన మూసి ఊరకుండరాదు. కొసవరకు త్రవ్వి, రాతిముక్కలతోను కాంక్రీటుతోను నింపవలెను. చెదపుట్ట యున్నచో దానిని మొదలంట త్రవ్వి తీయవలెను. చెదలమందు వేయింపవలసివచ్చినచో అనుమతిపత్రము గలవారిచేతనే వేయింపవలెను. గింజ నిలువచేయు గదిలో తోచిన మందును తోచిన పాళ్లలో కుమ్మరించుట మన ప్రాణములకే ముప్పు.

ఎర్రనేలయందు అడుగు గట్టిగా తగులువరకు త్రవ్విన చాలును. నల్లరేగడియందు రెండడుగులకు తక్కువ కాకుండ రేగడిని తీసి బయట పోయింపవలెను. ఈ మన్ను వృథా పోదు, గరుసుచేలకు తోలుకొనవచ్చును.

3. బేసుమట్టము నింపుట

నింపుటకు మేలైనది ఎర్రగరుసు. దీనినే తెలంగాణమున మొరమనియు, సర్కారు జిల్లాలలో గ్రావెలనియు అందురు. చెరువుమన్ను చేనికి బంగారమే గాని బేసుమట్టమునకు పనికిరాదు. అదియు ఉబ్బు జాతిదే. చౌడుమన్ను, కడుగని సముద్రపుటిసుక, ఇటుకబట్టీల బూడిద వాడరాదు. నల్లరేగడి గోతిని వట్టి ఇసుకతో నింపు అలవాటు కొన్ని చోట్ల నున్నది. ఇసుక తాను ఉబ్బదు, నిజమే; కాని వాననీటిని తొట్టివలె తనలో నిలిపి క్రిందనున్న రేగడికి త్రాగించును. ఉబ్బక, కొంత జిగురు గలిగి, దిమ్మిసకు గట్టిపడు గరుసుపొరను రేగడిపైన వేయు పద్ధతిని బొంబాయి ఐ.ఐ.టి. యందలి ఆచార్యులు ఆర్. కె. కట్టిగారు పరిశోధించి చూపిరి. మన దేశమున రేగడినేలలపై కాలువలకును కట్టడములకును ఈ పద్ధతి వాడుకలోనికి వచ్చినది.

గరుసును గోతిలో ఒక్కమారే పోసి పైన దిమ్మిస వేయుట వలన పై అర్ధడుగు మాత్రమే గట్టిపడును; అడుగు బోలుగనే యుండి తరువాత క్రుంగును. కావున 9 అంగుళముల మందమున పోసి, అది 6 అంగుళములకు దిగువరకు దిమ్మిస వేసి, ఆపైననే రెండవ పొర పోయవలెను. తడి విషయమున జాగ్రత్త కావలెను. గరుసును పిడికిట పట్టి నొక్కినచో ఉండ కట్టవలెను. ఆ ఉండను నడుమెత్తు నుండి విడిచినచో నాలుగైదు ముక్కలుగా పగులవలెను. ఉండ కట్టనిచో తడి చాలదు; నేలపై చితికి అంటుకొన్నచో తడి మించినది. దిమ్మిస పడినపుడు మొదట మెత్తని చప్పుడై, పొర గట్టిపడినకొలది ఖణిల్లుమని మ్రోగును. గునపమును చేతిబలముతో గ్రుచ్చినను రెండంగుళములు దిగనిచో ఆ పొర ముగిసినదని తెలిసికొనవచ్చును. గది మూలలను, గోడల ప్రక్కలను కూలీలు తరచుగా విడిచిపెట్టుదురు. క్రుంగుటయు అక్కడనే మొదలగును.

లోపలి నేల బయటి భూమికంటె కనీసము ఒకటిన్నర అడుగు ఎత్తున నుండునట్లు బేసుమట్టమును లేపవలెను. తొందర లేనివారు వానకు ముందు గరుసు నింపి, ఒక వానకాలము గడవనిచ్చి, దిగిన చోట మరల నింపి దిమ్మిస వేసినచో అంతకంటె మేలు లేదు.

4. చెమ్మను అడ్డగించు పొరలు

దీపపువత్తి నూనెను పీల్చునట్లు సన్నని మన్ను క్రిందినీటిని పైకి పీల్చును. కంకరరాళ్ల నడుమ సందులు పెద్దవగుటచే నీరు వానిని ఎక్కలేదు. కావున గరుసుపైన మన్ను కలియని ఒకటిన్నర అంగుళపు కంకరను 4 అంగుళముల మందమున పరచవలెను. దానిపైన ఒక అంగుళము సన్నయిసుక చల్లి మట్టముచేసి, 250 మైక్రాన్ల మందముగల పాలిథీను కాగితమును పరచవలెను. క్రింద ఇసుక లేనిచో కంకర మొనలు కాగితమును చీల్చును. రెండు కాగితములు కలియుచోట 6 అంగుళములు ఒకదానిపైనొకటి పడవలెను. గోడల ప్రక్క 6 అంగుళములు పైకి మడువవలెను. కాగితము పరచిన పిమ్మట పార పట్టుకొని దానిపై నడచువారిని వారింపవలెను. అరచేతియంత చిరుగు పడినను చెమ్మకు అదియే వాకిలి యగును.

దీనిపైన 4 అంగుళముల మందమున కాంక్రీటు పోయవలెను. సిమెంటు 1 పాలు, ఇసుక 4 పాళ్లు, ఒకటిన్నర అంగుళపు కంకర 8 పాళ్లు. ఇది నేలను ఒక్క పలకగా నిలుపుటయే గాక పందికొక్కునకు అడ్డుగోడ యగును. గోడకును కాంక్రీటునకును నడుమ సందు విడువరాదు. పావు అంగుళపు సందు దొరికినను చుంచెలుక దూరగలదు. పోసిన మరునాటినుండి ఏడు దినములకు తక్కువ గాకుండ తడుపవలెను. కట్లు కట్టి నీరు నిలుపుట గోనెపట్టాలు తడుపుటకంటె మేలు.

12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల గదికి కావలసిన సామగ్రి ఇట్లుండును: అడుగున్నర ఎత్తు గరుసు దిమ్మిసకు దిగిన పిమ్మట 270 ఘనపుటడుగులు, అనగా విడిగా సుమారు 400 ఘనపుటడుగులు తోలించుకొనవలెను, రేగడి తీసిన గోయియున్నచో దాని లోతునకు తగినంత దీనికి చేర్చుకొనవలెను. అడుగుపొర కంకర 60 ఘనపుటడుగులు; దానిపై ఇసుక 15 ఘనపుటడుగులు; పాలిథీను కాగితము సుమారు 225 చదరపుటడుగులు. కాంక్రీటునకు సిమెంటు 6 బస్తాలు, ఇసుక 30 ఘనపుటడుగులు, కంకర 60 ఘనపుటడుగులు. ఈ లెక్కను మేస్త్రి యెదుట పెట్టి మాటాడిన రైతు మోసపోడు.

5. మట్టము చూచుట, బండలు పరచుట

కాంక్రీటుపైన రసమట్టముతో గాని, నీరు నింపిన తేటగొట్టముతో గాని నాలుగు మూలలను నడుమను మట్టము చూడవలెను. కడిగిన నీరు బయటికి పోవుటకు వాకిలివైపు పదియడుగులకు ఒక అంగుళము వాలు చాలును.

బండలు వేయుటకు ముందు ఒక పరీక్ష చేయుడు. అడుగున్నర చదరపు పాలిథీను ముక్కను ఆరిన కాంక్రీటుపై పరచి, నాలుగంచులను అంటించి, ఒక పగలు ఒక రాత్రి విడువవలెను. తీసినపుడు దాని లోపలిప్రక్క నీటిచుక్కలున్నను, కాంక్రీటు నల్లబడినను చెమ్మ యింకను ఉన్నది. మొదట అది కాంక్రీటు కలిపిన నీరే కావచ్చును. కొన్ని వారములు ఆరనిచ్చి మరల చూడవలెను. ఎంత ఆరినను తగ్గనిచో క్రిందినుండి వచ్చుచున్నదని గ్రహించి, బండలు వేయకముందే కారణము వెదకవలెను. బండలు పరచిన పిమ్మట వెదకుట మిక్కిలి కష్టము.

సిమెంటు 1 పాలు, ఇసుక 6 పాళ్లు కలిపిన మాలును అంగుళము మందమున బండ క్రింద అంతటను నిండుగా వేయవలెను. నాలుగు మూలల నాలుగు ముద్దలు పెట్టి బండను కూర్చుండబెట్టు మేస్త్రిని ఆపవలెను. నడుమ బోలు నిలిచి, బస్తాల బరువునకు బండ పగులును, పురుగు ఆ బోలులో కాపురముండును. ఆరిన పిమ్మట ప్రతి బండను కఱ్ఱతో తట్టి చూడుడు. బోలుచప్పుడు వచ్చిన బండను ఆనాడే లేపి తిరిగి వేయింపవలెను. నాపరాళ్లు, కడప, తాండూరు బండలు అన్నియు సున్నపురాతి జాతివి. సిమెంటు మరకలు పోవుటకని వానిపై ఆసిడు పోసినచో నునుపు పోయి గరుకుబారును.

6. నీటిని ఇంటికి దూరముగా నుంచుట

ఎంత చక్కగా నింపినను, చూరునీరు గోడమొదటనే పడి ఇంకుచున్నచో శ్రమ వ్యర్థము. ఇంటిచుట్టు మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా చప్టా కట్టించి, నీరు కాలువలోనికి పోవునట్లు చేయవలెను. ముఖ్యముగా రేగడినేలలయందు ఇది తప్పనిసరి. అంట్లు తోము చోటును, పశువుల తొట్టిని ధాన్యపుగది గోడకు ఆనించి పెట్టరాదు.

నేల ఎంత పొడిగానున్నను బస్తాలను నేరుగా బండపై పేర్చరాదు. క్రింద కఱ్ఱచట్రము లుంచి, గోడకు రెండడుగులు ఎడముగా పేర్చినచో గాలి ఆడును, ఎలుక జాడ కనబడును. పాతగోడలలో చెమ్మపొర లేనియిండ్లకు ఈ ఎడము మరింత అవసరము.

సభ్యులకు ఒక మాట

ఈ పనికి బండలకంటె అడుగుకే ఎక్కువ దినములు పట్టును. ఒంటరిగా చేయించుటకు భారమని తోచినచో, నలుగురైదుగురు సభ్యులు కలిసి గరుసు, కంకర ఒక్కమారే తోలించుకొనవచ్చును. త్రవ్వుటకు ముందు కావలసిన అనుమతి మాత్రము పొందవలెను. రెండు ఇనుపదిమ్మిసలు, ఒక రసమట్టము, ఒక నీటిగొట్టము సంఘమువారే కొని యుంచి సభ్యులకు వంతులవారీగా ఇచ్చినచో ఊరంతటికి ఉపకరించును.

పంట కళ్లము చేరిననాడే వచ్చినధరకు అమ్ముకొనుట మన రైతునకు చిరకాలపు కష్టము. నాలుగునెలలు ఆగగలిగినవాడు బేరమాడగలడు. ఆగుటకు చెడని గింజ కావలెను. గింజ చెడకుండుటకు పొడినేల కావలెను. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలమాట. ఈ వేసవిలో బండలు కొనదలచిన సభ్యులు, బండల దుకాణమునకు పోవుటకు ముందు గునపముతో గది మూల రెండడుగులు త్రవ్వి, అడుగున ఏ మన్ను ఉన్నదో చూడవలెనని మా మనవి.